ఇంట్లో ఆటో స్టార్టర్లు

3,300 జీబీ. ఫైబర్ నెట్ పెట్టించుకున్న ఇళ్ళలో చాలావాటికి ఈ అంకెతో సంబంధం ఉంది, కానీ ఆ ఇంట్లోవాళ్ళకు దీని సంగతి తెలియదు. కరపత్రం మీద ‘అన్‌లిమిటెడ్’ అని తాటికాయంత అక్షరాల్లో ఉంటుంది. దాని నెత్తిన ఓ చిన్న నక్షత్రం. ఆ నక్షత్రం అర్థమేమిటో తెలుసుకోవాలంటే కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాలు చదవాలి. నెలకు ఇంత డేటా వరకే ఒప్పుకున్న వేగం, ఆ తర్వాత నెల తిరిగేదాకా నత్తనడక అని అక్కడ రాసి ఉంటుంది. ఈ షరతునే కంపెనీలు ఫెయిర్ యూసేజ్ పాలసీ అంటాయి. కనెక్షన్ ఇచ్చే కుర్రాళ్ళ నోట అది ‘ఎఫ్‌యూపీ’.

ఈ అంకె మన ఇళ్ళలోకి వచ్చింది 2020లో. అంతకు ఏడాది ముందు, 2019 సెప్టెంబరు 5న జియో ఫైబర్ మొదలైనప్పుడు ప్రతి ప్లాన్‌కూ ఒక్కో హద్దు ఉండేది. ప్లాన్ ధర 699 రూపాయల నుంచి 8,499 దాకా. హద్దు దాటితే అందరికీ 1 ఎంబీపీఎస్. కరోనా వచ్చింది, బడి ఇంట్లోకి వచ్చింది, ఆఫీసూ ఇంట్లోకి వచ్చింది. 2020 సెప్టెంబరులో జియో 399 రూపాయలకు 30 ఎంబీపీఎస్ అంది, ఎయిర్‌టెల్ 499కి 40 అంది. అక్టోబరులో బీఎస్‌ఎన్‌ఎల్ 449కి 30 ఇచ్చి, 3,300 జీబీ దాటాక 2 ఎంబీపీఎస్ అని చెప్పేసింది. మూడు కంపెనీలకూ ఒకే అంకె ఎలా తట్టిందో గానీ, మూడింటి షరతుల్లోనూ 3,300 జీబీయే ఉంది.

ఇది తక్కువేం కాదు. రోజుకు 110 జీబీ. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం హెచ్‌డీ సినిమాకు గంటకు 3 జీబీ దాకా ఖర్చు. ఆ లెక్కన 110 జీబీ అయిపోవాలంటే రోజుకు ముప్పై ఆరు గంటలు సినిమా చూడాలి. కాబట్టి మామూలు కుటుంబం ఈ గీత దాకా పోదు. మరి పోయేదెవరు? పోకుండానే ‘మా నెట్ తగ్గించేశారు’ అని ఆపరేటర్‌తో తగువు పెట్టుకునేదెవరు? ఈ అధ్యాయం ఆ రెండు రకాలవాళ్ళ కోసం.

అల్లాదుర్గ్ మెదక్ జిల్లాలో ఓ మండల కేంద్రం. సంగారెడ్డి నుంచి నాందేడ్ పోయే 161వ నంబరు జాతీయ రహదారి వైపు ఊరు. ఇలాంటి ఊళ్ళో రాత్రి తొమ్మిది దాటాక కేబుల్ ఆపరేటర్‌కు వచ్చే ఫోన్లు దాదాపు ఒకేలా ఉంటాయి.

“అన్నా, నెట్ గిర్రున తిరుగుతనే ఉంది. గంట సంది గిట్లనే ఉన్నది.”

“రౌటర్ బంద్ చేసి మల్ల ఆన్ చెయ్యి తమ్మీ.”

“రెండుసార్లు చేసిన. అయినా గంతే.”

“అయితే మీ డేటా అయిపోయినట్టుంది. టాపప్ ఏసుకోవాలె.”

ఇక్కడ అటు తమ్ముడికీ ఇటు అన్నకూ జబ్బేమిటో తెలియదు. మందు పేరు మాత్రం ఖరారైపోయింది. నెట్ స్లో కావడానికి మూడు వేర్వేరు కారణాలున్నాయి. మూడింటి లక్షణమూ పైకి ఒక్కటే, తెర మీద తిరిగే చక్రం. డబ్బు ఖర్చుపెట్టే ముందు అది ఏ చక్రమో తేల్చుకోవాలి.

మూడు రకాల స్లో

మొదటిది హద్దు దాటిన స్లో. దీన్ని పట్టుకోవడం అన్నిటికంటే తేలిక, ఎందుకంటే ఇది గడియారం చూడదు. తెల్లారి ఆరింటికి పరీక్షించినా, మధ్యాహ్నం చూసినా, రాత్రి చూసినా సరిగ్గా అదే అంకె. ప్లాన్‌లో 2 ఎంబీపీఎస్ అని ఉంటే 2 దగ్గరే గీత గీసినట్టు నిలబడుతుంది. 2 ఎంబీపీఎస్ మీద 1 జీబీ ఫైలు దిగడానికి గంటా ఏడు నిమిషాలు పడుతుంది. వాట్సాప్ నడుస్తుంది, ఫోన్‌పే నడుస్తుంది, టీవీలో సినిమా నడవదు.

రెండోది సాయంత్రపు స్లో. పొద్దున 95 చూపించిన కనెక్షన్ రాత్రి తొమ్మిదికి 12 చూపిస్తుంది. పదకొండున్నర దాటాక మళ్ళీ లేచి కూర్చుంటుంది. దీనికి ఎంత టాపప్ వేసినా ప్రయోజనం లేదు.

మూడోది ఇంటి స్లో. తీగ దాకా వేగం బాగానే వస్తుంది, గోడ దాటేసరికి నీరసిస్తుంది. రౌటర్‌కు లాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్ తగిలించి చూస్తే 95, వెనక గదిలో ఫోన్‌లో చూస్తే 8. అంటే కంపెనీ తప్పేమీ లేదు. పాత ఇళ్ళ మందపు గోడలు, రౌటర్‌ను టీవీ వెనకో ఇనుప బీరువా మీదో పెట్టే అలవాటు కలిసి చేసిన పని ఇది. రౌటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు దారులుంటాయి. 5 వేగమైంది కానీ గోడలంటే దానికి పడదు. 2.4 గోడలు దాటుతుంది కానీ పక్కింటి రౌటర్లన్నీ కూడా ఆ దారిలోనే ఉంటాయి. పెద్ద తెర ఉన్న టీవీకి కేబులే వేసేస్తే సగం గొడవ అక్కడితో వదులుతుంది.

ఫైబర్ పెట్టె మీద ‘లాస్’ అనే దీపం ఎర్రగా వెలిగితే అది స్లో కాదు, వెలుతురు రావడం లేదని అర్థం. ఆ వెలుతురు బలాన్ని ఆపరేటర్లు ‘పవర్’ అంటారు. మైనస్ అంకెల్లో చెబుతారు. మైనస్ 20 దగ్గర ఉంటే హాయి, మైనస్ 27 దాటితే లైను ఊగిసలాడుతుంది. స్తంభం నుంచి స్తంభానికి వేలాడే తీగ మీద కోతులు ఊగిన మర్నాడు, జాయింట్‌లో తేమ చేరినప్పుడు, గోడ మూలన తీగను మరీ మడిచి మేకు కొట్టినప్పుడు ఈ అంకె పడిపోతుంది. “అన్నా, పవర్ ఎంతుందో ఒక్కసారి మీటర్ పెట్టి చెప్పు” అని అడిగే ఇంటికి మరమ్మతు తొందరగా జరుగుతుంది. అడిగే మనిషికి విషయం తెలుసని ఆ ఒక్క మాటతో అర్థమైపోతుంది మరి.

ఈ పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక వారం పాటు పొద్దున ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి, లాన్ కేబుల్ పెట్టి వేగం చూసి, వంటింట్లో గోడకున్న క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రెండు అంకెలు రాస్తే చాలు. ఒక జాగ్రత్త. వేగం పరీక్షించే యాప్ చాలాసార్లు కంపెనీ సొంత సర్వర్‌నో, హైదరాబాద్‌లో దానికి దగ్గరున్న సర్వర్‌నో ఎంచుకుంటుంది. అక్కడిదాకా రోడ్డు బాగానే ఉండొచ్చు. అందుకే యాప్‌లో దూరపు ఊరి సర్వర్ ఎంచుకుని కూడా ఒకసారి చూడాలి. బిట్లూ బైట్లూ కలిపేసుకుని గాబరా పడకూడదు కూడా. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 ఎంబీయే. డౌన్‌లోడ్ పెట్టెలో 12 కనబడితే మోసం జరిగినట్టు కాదు, పూర్తి వేగం వచ్చినట్టు.

అందరూ ఒకేసారి

సాయంత్రపు స్లో ఎందుకొస్తుందో మెదక్ రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. 2017 జులైలో పాత మెదక్, నల్గొండ, కరీంనగర్ జిల్లాల్లో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ప్రయోగం పెట్టారు. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతా ఇచ్చారు. అప్పుడు ఊరూరా జరిగిన ప్రచారం ఒకటే, మోటార్లకు ఆటో స్టార్టర్లు తీసేయండి అని. కరెంటు వచ్చీపోయే రోజుల్లో అర్ధరాత్రి పొలం దాకా నడవలేక రైతు పెట్టుకున్న పెట్టె అది. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. అవసరం ఉందా లేదా అన్న విచారణ ఉండదు. ఊళ్ళో మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు, బోరులో నీళ్ళు ఖాళీ. రైతు మాత్రం ఇంట్లో నిద్రపోతుంటాడు.

ఫైబర్‌లోనూ జరిగేదిదే. ఇళ్ళకొచ్చే ఫైబర్‌లో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక్క మూలతీగకు దిగుమతి సామర్థ్యం సుమారు 2.5 జీబీపీఎస్. స్ప్లిటర్ అనే చిన్న పెట్టెతో దాన్ని 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. 64 ఇళ్ళూ ఒకే క్షణాన పూర్తిగా వాడితే ఇంటికి 39 ఎంబీపీఎస్ వస్తుంది. అందరికీ 100 అమ్మారు కదా, ఇది దగా కాదా? కాదు. 64 మందీ ఒకే సెకనులో దించుకోరన్న లెక్క మీదే ప్రపంచంలో ఎక్కడైనా ఇంటి నెట్ అమ్ముతారు. అలా పంచకుండా ఎవరి దారి వాళ్ళకే ఇచ్చే కనెక్షన్ కూడా దొరుకుతుంది. దాని అద్దె వింటే ఇంటివాడెవడూ ఆ జోలికి పోడు.

అసలు ఇరుకు చాలాసార్లు వీధిలో ఉండదు, ఊరి నుంచి హైదరాబాద్ పోయే బాటలో ఉంటుంది. చిన్న ఆపరేటర్ పెద్ద కంపెనీ దగ్గర ఇంత అని బ్యాండ్‌విడ్త్ కొనుక్కుంటాడు. కనెక్షన్లు పెరిగినంత చురుగ్గా ఆ కొనుగోలు పెరగదు. రద్దీ వేళల్లో ఇలా బయటికి పోయే లింకులు 80 శాతానికి మించి నిండకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే నాణ్యత నిబంధన పెట్టింది. నిండితే ఏమవుతుందో రాత్రి తొమ్మిదింటి ఫోన్లు చెబుతూనే ఉన్నాయి.

ఇక్కడ ఓ తిరకాసు ఉంది. “యూట్యూబ్ మంచిగనే వస్తుంది గద, నెట్ బాగనే ఉన్నట్టు” అని ఆపరేటర్ అంటాడు. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ లాంటివాళ్ళు జనం ఎక్కువగా చూసే వీడియోలను కంపెనీల నెట్‌వర్కుల్లోనే పెట్టిన సర్వర్లలో నిల్వ చేసి ఉంచుతారు. అవి దగ్గర్నుంచే వస్తాయి కాబట్టి బయటి దారి కిటకిటలాడుతున్నా నడుస్తాయి. అదే సమయంలో హైదరాబాద్ ఆఫీసు మీటింగ్ తెగిపోతుంటుంది, అమెరికాలో ఉన్న కొడుకు ముఖం బొమ్మలా ఆగిపోతుంది. ఆపరేటర్ అబద్ధం ఆడటం లేదు, ఒక్క దారే చూపిస్తున్నాడు.

రద్దీ తగ్గించడానికి వీడియో నాణ్యతకు కోత పెట్టినా, అది రహస్యంగానే జరగాలని లేదు. 2020 మార్చి 24న లాక్‌డౌన్ మొదలయ్యే వేళ దేశంలోని వీడియో సంస్థలన్నీ కూడబలుక్కుని, మొబైల్ నెట్‌వర్కుల మీద హెచ్‌డీ ఆపి 480పీ నాణ్యత దగ్గర నిలిపేస్తామని ప్రకటించాయి. ఏప్రిల్ 14 దాకా అని గడువూ చెప్పాయి. ఎందుకో చెప్పారు, ఎప్పటిదాకానో చెప్పారు. జనం గొణిగారేమో గానీ మోసపోయామని అనుకోలేదు.

రైతు నిద్రపోతుంటే నడిచే మోటార్లు

ఇంట్లో నెట్ తగ్గిందంటే మొదట తిట్లు తినేది గేమ్ ఆడే పిల్లవాడే. ‘వీని గేముల వల్లనే’ అని తీర్పు వెంటనే పడిపోతుంది. పాపం, ఆన్‌లైన్ ఆట ఆడటానికి అయ్యే డేటా గంటకు పదుల ఎంబీల్లోనో, మహా అయితే వంద చిల్లరో. ఆటకు కావలసింది ఆలస్యం లేకపోవడం, బరువు కాదు. కొత్త ఆట దించుకునే రోజు మాత్రం వేరే కథ. కంప్యూటర్‌లో ఆడే పెద్ద ఆటలు కొన్ని వంద జీబీ దాటుతాయి. నిత్యం తినేది మాత్రం హాల్లో గోడకున్న 4కే టీవీ. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారమే అది గంటకు 7 జీబీ. దాని ముందు కూర్చునేది తీర్పు చెప్పిన నాన్నే.

రౌటర్ యాప్ తెరిస్తే చాలావాటిలో ఏ పరికరం ఎంత వాడిందో పేర్లతో సహా పట్టిక ఉంటుంది. అది ఒక్కసారి చూస్తే కుటుంబ న్యాయస్థానంలో సగం కేసులు కొట్టేయొచ్చు. మిగతా సగంలో ముద్దాయిలు మనుషులు కారు, ఆటో స్టార్టర్లు.

ఫోన్‌లో ఫోటోల బ్యాకప్ చూడండి. పెళ్ళికి పోయి వచ్చిన రాత్రి ఇంట్లో అందరి ఫోన్లకూ ఒకేసారి వైఫై అందుతుంది. 4కే వీడియో నిమిషానికి 350 ఎంబీ దాకా తూగుతుంది, అరగంట తీస్తే 10 జీబీ. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ ఉన్న ఇంట్లో ఒక్క ఫోన్ బ్యాకప్‌కే గంట పైన. ఆ గంటసేపు ఎక్కే దారి నిండిపోతుంది. దించుకునే ప్రతి ముక్కకూ ‘అందింది’ అని తిరిగి జవాబు పంపాలి గనుక, ఎక్కే దారి నిండితే దిగే దారీ మందగిస్తుంది. పైకి పెద్ద డౌన్‌లోడ్ ఏదీ లేదు, అయినా టీవీలో చక్రం తిరుగుతోందంటే కారణం చాలాసార్లు ఇదే. బ్యాకప్‌ను ‘చార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే’ అని మార్చి, ఫోన్‌ను పడుకునే ముందు చార్జింగ్‌కు పెడితే రద్దీ దాటిపోయాక పని జరుగుతుంది. ఆ ఏర్పాటు లేని ఫోన్‌లో బ్యాకప్‌ను చేత్తో ఆపి, చేత్తో మొదలుపెట్టుకోవాలి.

అసలు భారీ మోటారు సీసీ కెమెరా. కింద ఎరువుల దుకాణం, పైన ఇల్లు ఉన్న కుటుంబాన్ని ఊహించుకుందాం. నాలుగు కెమెరాలు, నాలుగూ పగలూ రాత్రీ రికార్డింగును క్లౌడ్‌కు పంపుతుంటాయి. ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ చొప్పున పంపితే గంటకు 0.9 జీబీ, రోజుకు 21.6, నెలకు 648. నాలుగింటికి 2,592 జీబీ. చాలా ప్లాన్లలో ఎక్కించిందీ దించుకున్నదీ కలిపే లెక్కిస్తారు. ఇంట్లో మనుషులు ఫోన్ ముట్టకముందే 3,300లో నాలుగింట మూడొంతులకు పైగా అయిపోయింది. ఇరవై రెండో తారీకుకో ఇరవై ఐదుకో నెట్ కూలబడితే ఆశ్చర్యమేముంది? పరిష్కారం కెమెరాలు పీకేయడం కాదు. డీవీఆర్‌లో హార్డ్ డిస్క్ పెట్టించి రికార్డింగ్ ఇంట్లోనే జరిగేలా చూసి, కదలిక కనిపించినప్పుడు మాత్రమే క్లౌడ్‌కు పంపేలా మార్చుకుంటే, ఆ కాసేపూ, దూరంగా ఉండి ఫోన్‌లో చూసినప్పుడూ మాత్రమే డేటా ఖర్చవుతుంది. ఇంకో మాట. ఇంటి ప్లాన్ మీద దుకాణం నడపడాన్ని కంపెనీలు వ్యాపార వాడకం కింద లెక్కగడతాయి. 3,300 గీత పెట్టింది ప్రధానంగా అందుకేనని వాటి వాదన. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు.

చిన్న మోటార్లు ఇంకా ఉన్నాయి. వీడియో అయిపోగానే తర్వాతిది మొదలయ్యే ఆటోప్లే. టీవీ తెర ఆరినా వేరే అడాప్టర్ మీద నడిచే స్ట్రీమింగ్ స్టిక్‌లో కొన్నిసార్లు సాగుతూనే ఉండే పాటల వరుస. విండోస్ కంప్యూటర్‌లో తాను దించుకున్న అప్‌డేట్లను బయటి కంప్యూటర్లకూ పంచే ఏర్పాటు ఒకటుంది. అది ‘డెలివరీ ఆప్టిమైజేషన్’ పేరుతో సెట్టింగుల్లో దాక్కుని ఉంటుంది, అక్కరలేకపోతే ఆపేయొచ్చు. నెట్‌ఫ్లిక్స్ ఖాతాలో ‘మీడియం’ అని పెడితే గంటకు 0.7 జీబీయే. చిన్న టీవీలో తేడా కనిపెట్టడం కష్టం.

వేగం మోజు, హద్దు లెక్క

2017 మార్చిలో హైదరాబాద్‌లో యాక్ట్ ఫైబర్‌నెట్ 1 జీబీపీఎస్ కనెక్షన్‌ను ఇళ్ళకు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటి ఐటీ మంత్రి కేటీఆర్ చేతుల మీదుగా ప్రారంభం. నెలకు 5,999 రూపాయలు, హద్దు 1 టీబీ. ఆ వేగంతో నిరాటంకంగా దించుకుంటే గంటకు 450 జీబీ. అంటే నెల కోటా రెండుంపావు గంటల్లో ఖాళీ. నిజానికి అలా ఎవరూ దించుకోరు గానీ, వేగమూ హద్దూ వేర్వేరు సరుకులని చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ప్రకటనలో వేగమే అరుస్తుంది, హద్దు గొణుగుతుంది.

ఊళ్ళలో ఇప్పుడు ఈ తేడా మళ్ళీ ముందుకొచ్చింది. తీగ లేని చోట 5జీ సిగ్నల్ పట్టి ఇంటికిచ్చే జియో ఎయిర్‌ఫైబర్ 2023 సెప్టెంబరు 19న ఎనిమిది నగరాల్లో మొదలైంది, వాటిలో హైదరాబాద్ ఒకటి. తర్వాత చిన్న పట్టణాలకు పాకింది. పేరులో ఫైబర్ ఉంది గానీ హద్దు మాత్రం నెలకు 1,000 జీబీ, ఫైబర్ హద్దులో మూడో వంతు కూడా కాదు. అది దాటితే 64 కేబీపీఎస్. ఆ వేగం మీద 4 ఎంబీల ఫోటో ఒకటి రావడానికి ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. ఎయిర్‌టెల్ ఎయిర్‌ఫైబర్‌కూ 1,000 జీబీయే, ఆ తర్వాత 2 ఎంబీపీఎస్. కంపెనీలు పిసినారులై ఇలా పెట్టలేదు. గాలిలోని తరంగాలు ఆ టవర్ కింద ఉన్న ప్రతి ఫోన్‌తోనూ పంచుకోవాల్సినవి. నాలుగు కెమెరాల దుకాణానికి ఇది సరిపడే సరుకు కాదు.

మరి ఎంత వేగం కావాలి? సంగుపేట ఉదాహరణ చూడండి. జోగిపేట పక్కన అందోల్ మండలంలో ఉన్న ఊరది, అల్లాదుర్గ్ కూడా అదే అందోల్ నియోజకవర్గం. 2024 డిసెంబరు 8న టీ-ఫైబర్ సేవలను తొలి విడతగా మొదలుపెట్టిన నాలుగు ఊళ్ళలో అదొకటి. మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే కేబుల్ వేసుకుంటూ వచ్చిన ప్రభుత్వ ప్రాజెక్టు ఇది. అప్పుడు చెప్పిన లెక్క ఇంటికి 20 ఎంబీపీఎస్, నెలకు 300 రూపాయలు. ఇరవయ్యేనా అని పెదవి విరిచేవాళ్ళు ఉంటారు. నెట్‌ఫ్లిక్స్ 4కేకు అడిగేది 15, మంచి హెచ్‌డీకి 5. నిజంగా 20 నిలకడగా రాత్రి తొమ్మిదింటికి కూడా వస్తే నలుగురున్న ఇంటికి అది సరిపోతుంది. రాత్రిపూట 12 ఎంబీపీఎస్‌కు పడిపోయే 100 కంటే ఇదే మేలు.

తగ్గించే హక్కు ఎవరికి, ఎంత?

కంపెనీ వేగం తగ్గించడం తప్పా అంటే, ఎలా తగ్గించిందన్నదాన్ని బట్టి ఉంటుంది. దీనికి పాఠంగా నిలిచిన కేసు అమెరికాలో జరిగింది. 2007లో రాబ్ టోపోల్‌స్కీ అనే నెట్‌వర్క్ ఇంజినీరు పాతకాలపు బార్బర్‌షాప్ బృందగానాల రికార్డింగులను కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు నేరుగా ఫైళ్ళు పంపే బిట్‌టోరెంట్‌లో పంచుకుందామనుకున్నాడు. ఎంతకీ కుదరలేదు. ఓపిగ్గా తవ్వి చూస్తే, కామ్‌కాస్ట్ కంపెనీ రెండు కంప్యూటర్ల మధ్య దూరి, ఒకదాని పేరుతో మరోదానికి ‘ఇక చాలు, తెంపేద్దాం’ అనే దొంగ సందేశం పంపుతోందని తేలింది. అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళు ఆ అక్టోబరులో బైబిల్ ఫైలునే పంపి చూసి నిజమేనన్నారు. 2008 ఆగస్టులో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అది తప్పని తేల్చింది. అక్టోబరు నుంచి కామ్‌కాస్ట్ రూటు మార్చి, నెలకు 250 జీబీ అని అందరికీ బాహాటంగా హద్దు పెట్టింది. 2010లో కోర్టు ఎఫ్‌సీసీ ఉత్తర్వును కొట్టేసింది, అది వేరే సంగతి. చాటుగా ఒక్క పనిని గొంతు నులమడం నుంచి, చెప్పి అందరికీ ఒకే గీత గీయడానికి కంపెనీ మారింది. జనానికి రెండోదీ నచ్చలేదు, కానీ దానితో కనీసం బేరమాడొచ్చు.

మన దగ్గరా నియమం అటే మొగ్గింది. కొన్ని వెబ్‌సైట్లనే ఉచితంగా చూపే ఫ్రీ బేసిక్స్ పథకం మీద గొడవ తర్వాత 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, ఏ వెబ్‌సైట్ చూస్తున్నారన్నదాన్ని బట్టి వేరు ధర పెట్టకూడదని నిబంధన తెచ్చింది. 2018లో టెలికాం శాఖ, అన్ని సైట్లనూ సమానంగా చూడాలనే నెట్ న్యూట్రాలిటీని లైసెన్సు షరతుల్లోకే చేర్చింది. కాబట్టి హద్దు దాటాక అన్నిటినీ సమానంగా తగ్గించొచ్చు, ముందే చెబితే. ఒక యాప్‌ను కావాలని నొక్కి, తనకు నచ్చినదాన్ని పరిగెత్తించడం మాత్రం కుదరదు. రద్దీ సర్దడానికి చేసే న్యాయమైన ఏర్పాట్లకు మినహాయింపు ఉంది.

చెప్పడం ఎలా ఉండాలో కూడా రాసిపెట్టారు. 2016 అక్టోబరు 31న ట్రాయ్ ఇచ్చిన ఆదేశం ప్రకారం హద్దు ఎంత, దానిలోపల వేగమెంత, దాటాక ఎంత అన్నది కంపెనీ స్పష్టంగా ప్రకటించాలి. తీగ మీద ఇంటికొచ్చే బ్రాడ్‌బ్యాండ్‌ను 512 కేబీపీఎస్ కంటే కిందికి దించకూడదు. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస వేగం 2023లో 2 ఎంబీపీఎస్ అయింది. వాడకం 50, 90, 100 శాతానికి చేరినప్పుడల్లా చందాదారుకు కబురు పెట్టాలి. చాలా ఇళ్ళకు ఆ కబురు రానే రాదు. కనెక్షన్ ఇచ్చిన రోజు దరఖాస్తులో ఎవరి ఫోన్ నంబరు రాశారో ఓసారి అడిగి చూడాలి. తొందరలో ఆపరేటర్ తన నంబరే రాసుకుని ఉంటే, ఊళ్ళోవాళ్ళ హెచ్చరికలన్నీ అతని ఫోన్‌లోనే పడుతుంటాయి. నంబరు మార్పించుకుని, కంపెనీ యాప్‌లో సొంత లాగిన్ పెట్టుకుంటే సగం చీకటి పోతుంది.

తగువు తప్పనప్పుడు

“నెట్ మంచిగ లేదు” అనేది ఫిర్యాదు కాదు, బాధ. “పది రోజులుగా పొద్దున 95, రాత్రి 12 వస్తోంది, లాన్ కేబుల్ మీదనే చూసిన, డేటా 400 జీబీ కూడా కాలేదు” అన్నది ఫిర్యాదు. క్యాలెండర్ గడుల్లో రాసిన అంకెలు ఇప్పుడు పనికొస్తాయి. ఆపరేటర్‌కు చెప్పి ఊరుకోకుండా కంపెనీ కస్టమర్ కేర్‌కు చెప్పి, ఫిర్యాదు నమోదైనట్టు డాకెట్ నంబరు తీసుకోవాలి. ఆపరేటర్‌కు ఇది కోపం తెప్పిస్తుందని మొహమాటపడతారు. “అన్నా, నీ మీద కాదు, పైవాళ్ళు లింకు పెంచేదానికే రాపిస్తున్న” అంటే చాలు. చాలాసార్లు అతనూ పై కంపెనీతో అదే పోరు పడుతుంటాడు.

జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు కంపెనీలోని అప్పీలు అధికారికి రాయొచ్చు, వాళ్ళు 39 రోజుల్లో తేల్చాలి. దానికి ఫీజు లేదు. అక్కడా తేలకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్, 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉన్నాయి. టెలికాం గొడవలు వినియోగదారుల కమిషన్‌కు రావచ్చా అన్న అనుమానాన్ని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్చేసింది, రావచ్చంది. నాలుగు వందల రూపాయల కనెక్షన్ కోసం అంత దూరం పోయేవాళ్ళు అరుదు. డాకెట్ నంబరు దగ్గరే చాలా పనులు కదులుతాయి.

ఫోన్ నంబరు పోర్ట్ చేసినట్టు బ్రాడ్‌బ్యాండ్‌ను పోర్ట్ చేయలేం. ఒకరిని వదిలి మరొకరిని పట్టుకోవడమే. ఆరు నెలలదో ఏడాదిదో ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితం అనే ఎర అందుకే వేస్తారు, డబ్బు ముందే చేతిలో పడ్డాక రాత్రి తొమ్మిదింటి ఫోన్‌కు తొందర ఉండదు. కొత్త కనెక్షన్‌కు మొదట ఒక్క నెలకే కట్టాలి. హద్దు ఎంత, దాటాక ఎంత, అప్‌లోడ్ ఎంత, ఎక్కించింది కూడా లెక్కలోకి వస్తుందా అన్న నాలుగూ వాట్సాప్‌లో రాయించుకోవాలి. అదే కంపెనీ తీసుకున్న పక్క వీధి ఇంటికి ఓ ఆదివారం రాత్రి పోయి, లాన్ కేబుల్ మీద వేగం చూసి వచ్చాక ఏడాది సంగతి మాట్లాడొచ్చు.